నమిలి పెట్టిన ఖర్జూరం

దెగాష్,
1986 అక్టోబరు 6

సాల్హా అక్కా,

ఈ ఉత్తరం ఒంటికన్నుతో రాస్తున్నాను. వరసలు వంకర పోతే కంటి తప్పు. అక్షరాలు తప్పు పోతే ఆరో తరగతిలోనే బడి మాన్పించి చెట్టెక్కించిన నాన్న తప్పు. నా తప్పు ఎక్కడా లేదు.

ఖర్జూరం కోత మొదలైంది. ఎండలో పది రోజులు చెట్ల మీదే ఉన్నానా, ఏటా వచ్చే పొక్కు అలవాటు ప్రకారం వచ్చి పెదవి మీద కూర్చుంది. పాత చుట్టమే కదా అని ఊరుకున్నాను. అది చితికింది. ఆ వేలితోనే కన్ను నలుపుకున్నట్టున్నాను. మూడోనాటికి కన్ను దానిమ్మగింజ అయింది. వెలుతురు వైపు చూస్తే సూదులు దిగుతున్నాయి. పక్కింటి మబ్రూకా పెద్దమ్మ టీ నీళ్ళతో కడిగింది, ఉల్లిపాయ కట్టింది. చివరికి "నీ నాలిక్కి తగలాల్సింది కంటికి తగిలిందిరా" అని చేతులు దులిపేసుకుంది.

మంగళవారాలు మన దవాఖానాకి తోజూర్ నుంచి ఒక కొత్త డాక్టరమ్మ వస్తోంది. పేరు ఫాతెన్. నీ కూతురు వసీలా కన్నా ఆరేడేళ్ళు పెద్దదేమో. కంట్లో పసుపు మందు చుక్క వేసి, నీలం దీపం పెట్టి చూసి, "నీ కంట్లో చెట్టుంది తీజానీ మామా" అంది.

"ఏ జాతి చెట్టమ్మా? మంచి కాయ కాసేదైతే కోత మాత్రం నేనే కోస్తాను."

"నవ్వకు. పుండు కొమ్మలు కొమ్మలుగా పడింది. ఆ కొమ్మల్ని బట్టే మేం గుర్తుపడతాం. ఇంకో నాలుగు రోజులు ఉల్లిపాయలు కట్టుకుని కూర్చుంటే చూపు పోయేది."

ముప్పై ఏళ్ళు నేను చెట్లెక్కాను. ఇప్పుడు చెట్టు నా కంట్లోకి ఎక్కింది. పెదవి మీదిదీ కంట్లోదీ ఒకటేనట. హెర్పిస్ అంటారట. వైరస్ అట, కంటికి కనబడని పురుగు. ఎప్పుడు పోతుందని అడిగాను. "పుండు పోతుంది, వైరస్ పోదు. చెవి దగ్గర నరాల ముడిలో పడుకుంటుంది. ఎండ తగిలినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు అలిసినా, మనసు నలిగినా లేచి మళ్ళీ అదే చోటికి వస్తుంది" అంది. అంటే ఖాళీ చెయ్యని జిన్ను. మరి నాలోకి ఎలా దూరిందని అడిగాను. "చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుకుని ఉంటారు. లోకంలో సగం మందికి ఇలాగే వస్తుంది" అంది.

"అమ్మా, నా మొహం చూసి చెప్పు. దీన్నెవరైనా ముద్దు పెట్టుకున్నారంటే నువ్వు నమ్ముతావా?"

పాపం, నవ్వాపుకోలేక మందుసీసా జారవిడిచింది.

కంటికి తెల్లటి కట్టు వేసి పంపింది. ఆ కట్టు మీద బొగ్గుతో ఇంకో కన్ను గీసుకుని, కోడిగుడ్డంత పెద్దది, కాఫీ కొట్టుకెళ్ళి పోస్ట్‌మాన్ లతీఫ్ ఎదురుగా చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. వాడు తలెత్తి చూసి కాఫీ అంతా ఒళ్ళో పోసుకున్నాడు. ఈ ఉత్తరం ఆలస్యంగా చేరితే కారణం అదే.

వసీలాకి ఎన్నో నెల? ఎప్పుడంటున్నారు? రాయి.

నీ బొగ్గుకన్ను తమ్ముడు,
తీజానీ


స్ఫాక్స్,
అక్టోబరు 13

ఒరే తీజానీ,

నీ కంటికి ఎలా ఉంది? మందు వేళకి వేసుకుంటున్నావా, లేక దాన్ని కూడా ఎవరి టీలోనో కలిపావా? కట్టు మీద కన్ను గీసుకున్నావట! నలభై రెండేళ్ళు వచ్చాయిరా నీకు. గాడిదకి వయసొస్తే కనీసం గంతులు తగ్గుతాయి.

ఆ డాక్టరమ్మకి ఒక సంగతి తెలియదులే. పొక్కు ముద్దుల వల్ల రాదు. భయం వల్ల వస్తుంది. గుండెలో పడ్డ భయం బయటికి దారి వెతుక్కుని పెదవి మీద పగులుతుంది. మన అమ్మ చెప్పేది, ఆవిడ అమ్మ చెప్పేది. చదువుకున్న వాళ్ళకి చెప్పినా ఎక్కదు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నా ఒంటి మీద చూసుకున్నాను. నిండు తొమ్మిదో నెల. పురిటికని పుట్టింటికి వచ్చాను. పొద్దుగూకే వేళ మేకతోలు కప్పుకుని, ఈతపీచు గడ్డం కట్టుకుని నువ్వు గోడ మీంచి నా ముందుకు దూకావు. నేను కేక పెట్టబోతే నోరు మూశావు. "నేనేనే అక్కా, నేనే" అని నువ్వు నవ్వుతున్నావు, నేను మోకాళ్ళ మీద పడి ఉన్నాను. మూడోనాటికి ఒళ్ళు కాలిపోయింది, పెదవులు, చిగుళ్ళు, నాలుక, నోరంతా పొక్కులు. సగం భయం అలా నా నోట పగిలింది. మిగతా సగం లోపలి వాడికి తగిలింది. పుట్టిన తొమ్మిదో రోజున పాలు మానేశాడు, పద్నాలుగో రోజున పోయాడు. నువ్వేమో నెఫ్తా పారిపోయి, మట్టి ఇచ్చాక వచ్చావు.

ఎందుకు రాస్తున్నానని నొచ్చుకోకు. తిట్టడం ఎప్పుడో మానేశాను. ఇరవై రెండేళ్ళయింది, అల్లా రాత అనుకున్నాను. కానీ వసీలా కడుపు చూస్తుంటే వాడే, నా బషీరే గుర్తొస్తున్నాడు. ఎవరితో అనను? మీ బావ ఆ పేరెత్తితే లేచి ఓడరేవుకి వెళ్ళిపోతాడు.

వసీలాకి నవంబరు మొదటి పదిరోజుల్లో అంటున్నారు. ఆసుపత్రిలోనే. ఇక అసలు యుద్ధం విను. బిడ్డ నాలుక మీద మొదటి ఖర్జూరం ఎవరు నమిలి పెట్టాలి? మన ఇంట్లో తల్లి తల్లిదే ఆ హక్కు. బషీర్‌కి అమ్మ పెట్టాల్సింది, అప్పటికి ఆవిడకి నోట్లో ఒక్క పన్ను లేదు. అందుకే నన్ను నమిలిమ్మంది. వియ్యపురాలేమో "నేను మక్కా చూసొచ్చిన దాన్ని, నా నోరు పవిత్రం" అంటుంది. ఆవిడ నోట్లో ఉన్నవి పెట్టుడు పళ్ళు! రాత్రి గ్లాసులో పడుకునే పళ్ళకి పవిత్రత ఏమిటిరా? నాకు ముప్పై ఒక్క పళ్ళున్నాయి. అల్లుడి ముందు నోరు తెరిచి మరీ లెక్కపెట్టించాను. నేనే పెడుతున్నాను. అమ్మ నాటిన చెట్టు కాయలు ఒక పెట్టె పంపు. వేరే చెట్టువి కలిపావో, రుచి చూసి చెప్పగలను.

సాల్హా


దెగాష్,
అక్టోబరు 22
(ఇది పోస్టులో వెయ్యలేదు)

అక్కా,

నిన్న మంగళవారం. కన్ను చూపించుకోడానికి వెళ్ళాను. కొమ్మలు ఎండిపోతున్నాయంది. లేచి వస్తుంటే, "ఇంట్లో పసిబిడ్డలెవరైనా ఉన్నారా మామా?" అంది. త్వరలో స్ఫాక్స్‌లో ఒకరు రాబోతున్నారని గొప్పగా చెప్పాను.

"అయితే పెదవి పూర్తిగా మానే దాకా ఆ బిడ్డ దగ్గరికి వెళ్ళకు. ముద్దు పెట్టకు. నీ నోట్లోది ఏదీ బిడ్డ నోటికి తగలకూడదు."

"నోట్లోది అంటే?"

"మీ వైపు ఖర్జూరం నమిలి పెడతారు కదా. పొక్కున్న వాళ్ళు ఆ పని చెయ్యకూడదు."

నేను మళ్ళీ కూర్చున్నాను. పొక్కు వల్ల ఏమవుతుంది అని అడిగాను. పెద్దవాళ్ళకి ఏమీ కాదట. నెల లోపు పసివాళ్ళకి దాన్ని ఆపే బలం ఉండదట. మెదడుకి పాకుతుంది, కాలేయానికి పాకుతుంది. మొదటి వారం బాగానే ఉంటారట. తర్వాత పాలు మానేస్తారు. ఒళ్ళు గుడ్డపేలికలా వాలిపోతుంది. ఒకసారి వేడి, ఒకసారి చల్లన. ఆ తర్వాత ఒక చెయ్యో ఒక కాలో కొట్టుకోవడం మొదలవుతుంది. ఒంటి మీద పొక్కు కనబడొచ్చు, అసలు కనబడకపోవచ్చు. ఇప్పుడు మందుంది, త్వరగా తీసుకొస్తే బతికించగలం అంది. కొన్నేళ్ళ కిందటి దాకా ఆ మందు లేదు అని కూడా అంది. నేను అడక్కుండానే.

ఒక చెయ్యో ఒక కాలో. బషీర్‌కి ఎడమ చెయ్యి అని అమ్మ చెప్పింది నాకు. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు కొట్టుకుందట.

తల్లికే పొక్కు వస్తే? అని అడిగాను. ఎవరి సంగతో అన్నట్టు, కిటికీలోంచి చూస్తూ. ఎప్పటినుంచో వస్తూ ఉన్న తల్లయితే ఆమె రక్తంలోని బలం కొంత బిడ్డకీ అందుతుందట. కానీ మొట్టమొదటిసారి, నిండు నెలల్లో, నోరంతా పూసి జ్వరంతో వచ్చిందంటే ఆ బలం ఇంకా తయారై ఉండదట. అదే అన్నింటికన్నా చెడ్డదట.

అక్కా, నువ్వు ఇరవై రెండేళ్ళుగా నీ పెదవిని సాక్షిగా తెచ్చి నన్ను దోషిని చేశావు. ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో. ఆ సాక్షి వేరే మాట చెబుతోంది ఇప్పుడు. ఇది నీకెలా రాయను? పొక్కుంటే ఖర్జూరం నమలకు అని ఒక్క ముక్క రాస్తే చాలు, మరుక్షణం నీ ఆలోచన ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నువ్వు చదువుకున్నది తక్కువే గానీ కూడికలు బాగా వచ్చు. వసీలాకి రాద్దామా అంటే ఆ పిల్లకి వచ్చిన ఉత్తరం ముందు నువ్వే విప్పుతావు. ఫోన్ చేద్దామా అంటే ఊరికంతటికీ ఉన్నది పోస్టాఫీసు ఫోను, లతీఫ్‌గాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంకొకటి. నీ నోరు మూసింది నా చెయ్యి. ఆ రోజు నా పెదవి మీద పొక్కుందా? మొదటిసారి నీకు వచ్చింది నా నుంచేనా? ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. మేకతోలు వాసన గుర్తుంది, నీ పళ్ళు నా అరచేతికి తగలడం గుర్తుంది. నా పెదవి గుర్తు లేదు.

నేనెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఏ చెట్టెక్కినా సగానికి వెళ్ళేసరికి వీపు మీదికి బరువొచ్చి కూర్చుంటుంది. పద్నాలుగు రోజుల పిల్లాడి బరువు. గెల కోసి దింపేదాకా దిగడు. మొదట్లో భయపడ్డాను. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాను, కింద ఎవరు జారిపడ్డారో, ఎవరి గాడిద తప్పిపోయిందో అన్నీ చెబుతాను. నన్ను కదా పట్టుకున్నాడు, నేనే కదా చేశాను అనుకున్నాను. నిన్న డాక్టరమ్మ మాట విన్నాక, వీడు నా వీపు దిగి నీ దగ్గరికి నడిచి వస్తాడేమోనని వణుకు పుట్టింది. వద్దక్కా. నువ్వు మొయ్యలేవు.

ఇది పంపను.


దెగాష్,
అక్టోబరు 23

అక్కా,

కన్ను బాగుంది. అమ్మ చెట్టు కాయలు ఇంకా వారం ఆగితే పూర్తిగా పండుతాయి, పంపుతాను.

నీకొక ముఖ్యమైన సంగతి. మొన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అమ్మ కలలోకి వచ్చింది. తెల్లచీర లాంటిది చుట్టుకుంది, నోటినిండా పళ్ళున్నాయి, ముత్యాల్లాంటివి. "ఒరే తీజానీ, ఈసారి బిడ్డకి ఎవరూ నమిలి పెట్టొద్దు. ఖర్జూరాన్ని రోట్లో మెత్తగా దంచి, వసీలానే కడుక్కున్న వేలితో నాలిక మీద రాయమను. నలభై రోజులు ఎవరి నోరూ బిడ్డ మొహం దగ్గరికి పోకూడదు. నీ అక్కకి చెప్పు. వియ్యపురాలికీ చెప్పు" అంది. ఎందుకమ్మా అంటే, "ఎదురు చెప్పకు" అని పాత చెప్పు విసిరింది. లేచి చూస్తే వీపు నిజంగానే నొప్పిగా ఉంది.

చచ్చినవాళ్ళ మాట కాదనకూడదు అక్కా. నేను నవ్వడం లేదు. ఈ ఒక్కసారికి నామాట, కాదు, అమ్మమాట విను.

తీజానీ


స్ఫాక్స్,
నవంబరు 1

తీజానీ,

అమ్మ నీ కలలోకి వచ్చిందా? నీ కలలోకి ఆవిడ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చెప్పనా? నా పెళ్ళికి నీకు కొత్త బూట్లు కొనమని ఒకసారి వచ్చింది, అప్పటికి ఆవిడ బతికే ఉంది, పక్కగదిలో బట్టలు ఉతుకుతోంది. మబ్రూకా పెద్దమ్మ కోడిని నీకిమ్మని ఒకసారి. మీ బావని సిగరెట్లు మానమని ఒకసారి, మానినవాటిని నీకు పంపమని కూడానూ. చచ్చిపోయినా ఆ మనిషిని నిమ్మళంగా ఉండనివ్వవు.

ఈసారి కల ఎవరు కనమన్నారో నాకు అర్థమైంది. అల్లుడు ముంజీ మొన్న దెగాష్ వచ్చి నీ దగ్గర నలభై పెట్టెలు బేరం చేసుకు వెళ్ళాడట. నాకు చెప్పలేదు నువ్వు. వాళ్ళమ్మ నిన్ను కొనేసింది. తన పెట్టుడు పళ్ళతో నమలలేదు కాబట్టి నన్నూ నమలనివ్వకూడదు, అంతేనా? దంచాలట! రోకలితో దంచిన దానికి ఎవరి దీవెన తగులుతుంది, రోలుదా?

ఒక బిడ్డని నవ్వుతూ నవ్వుతూ నా దగ్గర్నుంచి పంపేశావు. నేను నీ మీద కేసు పెట్టలేదు, కొడవలి పట్టలేదు, పండక్కి కూడా పిలవడం మానలేదు. ఇప్పుడు ఇంకో బిడ్డ నోటికి నా నోరు పనికిరాదంటావా? ఏం పాపం చేసింది రా నా నోరు?

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే పెదవి సలపడం మొదలైంది. ఇవాళ పొద్దున్నకి నాలుగు పొక్కులు, గుత్తిగా. అదే చోట. చూశావా, భయం. మళ్ళీ నువ్వే పెట్టావు. డాక్టర్లు ఈ వారంలోనే అంటున్నారు. పెట్టె పంపుతావా, బజార్లో కొనుక్కోనా?

సాల్హా


దెగాష్,
నవంబరు 4
(షేర్ టాక్సీ నడిపే అమ్మార్ చేత)

నా బంగారు అక్కా,

ఓడిపోయాను. కల కట్టుకథే. ముంజీ తల్లి నన్ను కొనలేదు గానీ, కొంటే అమ్ముడు పోయేవాణ్ణే. తప్పు ఒప్పుకుంటున్నాను, నేల నాకుతున్నాను. ఖర్జూరం నువ్వే పెట్టు. నువ్వే, ఇంకెవరూ కాదు.

పెట్టె అమ్మార్ చేతికిచ్చాను. అమ్మ చెట్టువే. పై వరస పన్నెండు కాయలు నేనే ఒక్కొక్కటి ఏరి, గింజ తీసి, మెత్తగా నొక్కి పెట్టాను, నీకు శ్రమ ఉండకూడదని. ఆ పన్నెండూ ఎవరికీ పెట్టకు. ఆసుపత్రికి అవే తీసుకెళ్ళు. వియ్యపురాలు చూస్తుండగా నోట్లో వేసుకుని గట్టిగా కొరుకు, ముప్పై ఒక్క పళ్ళ బలం ఆవిడకి తెలియాలి. నమలక ముందు బిడ్డ నాలిక మీద పెట్టకు. ముందు కొరుకు.

నీ బానిస,
తీజానీ


స్ఫాక్స్,
నవంబరు 12

తీజానీ,

వసీలాకి తొమ్మిదో తారీఖున ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం.

ఇప్పుడు మిగతాది రాస్తాను. గదిలో నేనూ, మీ బావా, ముంజీ, వాళ్ళమ్మా ఉన్నాం. నేను చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని, పై వరసలోంచి ఒక కాయ తీసి కొరికాను. లోపల గింజ ఉండాల్సిన చోట ఎండుమిరప ముద్ద. నిండా. నాలిక, పెదవి, పెదవి మీది పుండు, అన్నింటికీ నిప్పంటుకుంది. పుండు మీద కారం అని అంటూ ఉంటాం, అదేమిటో మొదటిసారి తెలిసింది. ఆసుపత్రి అదిరేలా అరిచాను. ఉమ్మేసి, కుళాయి దగ్గరికి పరిగెత్తాను. వియ్యపురాలు నవ్వి నవ్వి పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. మంచం మీద వసీలా కూడా నవ్వింది, కుట్లు పట్టుకుని. "మామయ్య! మామయ్యే అమ్మా!" అంటోంది.

ఆ కారం బిడ్డ నోటికి తగిలి ఉంటే ఏమయ్యేదిరా? "ముందు కొరుకు" అని రాశావు, అందుకేనని తర్వాత అర్థమైంది.

అరుపుకి నర్సు పరిగెత్తి వచ్చింది. నడివయసు మనిషి. తడిగుడ్డతో నా నోరు తుడుస్తూ ఆగిపోయింది. "ఈ పొక్కులు ఎన్నాళ్ళనుంచి? బిడ్డని ముద్దు పెట్టుకున్నారా? దీన్ని నమిలి పెట్టారా?" అంది. ఇంకా లేదంటే, గోడకి చేరబడి ఊపిరి వదిలింది. నా మూతికి దూదిగుడ్డ కట్టింది. పొక్కు ఎండి పక్కు రాలిపోయేదాకా బిడ్డకి దూరంగా, గదికి ఆ చివర కూర్చోమంది. ఎందుకో కూడా చెప్పింది. అన్నీ చెప్పింది. పాలు మానడం. ఒళ్ళు వాలిపోవడం. ఒక చెయ్యి కొట్టుకోవడం.

వసీలా తన కూతురి సంగతి వింటోంది. నేను బషీర్ సంగతి విన్నాను.

ఆమె వెళ్ళాక వియ్యపురాలు నవ్వడం మానేసింది. నా మొహంలో ఏం చూసిందో, లేచి తన శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పింది. ఆవిడకేమీ తెలియదు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. అమ్మ కల. రోట్లో దంచమనడం. నలభై రోజులు ఎవరి నోరూ తగలకూడదనడం. నీకు తెలుసు. నీ డాక్టరమ్మ నీకు చెప్పింది, నువ్వు నాకు చెప్పలేదు. నాకు చెప్పడం కన్నా నా నోరు కాల్చడం మేలనుకున్నావు.

మూడు రోజులుగా అన్నం నోట పెట్టలేకపోతున్నాను. కారం వల్ల కాదు. నా నోటిని తాకాలంటే నాకే భయం. అద్దంలో చూసుకుంటే పెదవి మీద వాడు కూర్చుని ఉన్నట్టుంది. ఆ పురుగు నరాల్లో నిద్రపోతుందనీ, ఎన్నటికీ వదలదనీ నువ్వు నవ్వుతూ రాశావు మొదటి ఉత్తరంలో. ఇన్నేళ్ళూ పొక్కు వచ్చినప్పుడల్లా నిన్ను తిట్టుకున్నాను. వచ్చింది వాడేనేమో, నాకేదో చెప్పడానికి.

బషీర్‌కి ఖర్జూరం నమిలి ఇచ్చింది నేను. చిగుళ్ళు ఇంకా మానలేదు. మండుతున్నా నమిలాను, మొదటి కొడుకు కదా అని. అమ్మ దాన్ని నా నోట్లోంచి తీసి వాడి నాలిక మీద పెట్టింది. వాడు చప్పరించాడు. అందరం నవ్వాం.

కథలొద్దు, కలలొద్దు. ఒక్క మాట రాయి. నీ మేకతోలు కాదు కదా? నా నోరే కదా?

సాల్హా


దెగాష్,
నవంబరు 18

అక్కా,

కాదు.

నీ నోరు కాదు. ఇన్నేళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. బషీర్ పుట్టిన మూడో రోజున నేను నెఫ్తా నుంచి వచ్చాను. ముందు వాకిట్లోంచి రాలేక పెరటి తలుపు తట్టాను. నువ్వు నిద్రపోతున్నావు. అమ్మ తలుపు తీసింది. చెంపలు వాయించింది, ఏడ్చింది, తర్వాత లోపలికి తీసుకెళ్ళి వాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. "చూడు, నీ భయానికి ఏమీ కాలేదు, రాయిలా ఉన్నాడు" అంది. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. వాణ్ణి ముద్దులతో ముంచేశాను. నుదురు, కళ్ళు, నోరు. నా పెదవి మీద అప్పుడు పొక్కుంది. నెఫ్తాలో వారం రోజులు ఎండలో ఇటుకలు మోశాను, ఎండకి లేస్తుందని నీకు తెలుసు కదా. పచ్చిపుండు. రసి కారుతోంది. అమ్మ చూసి కూడా ఏమీ అనలేదు, ఆవిడకి మాత్రం ఏం తెలుసు? నువ్వు లేస్తే గొడవవుతుందని నన్ను మళ్ళీ పెరట్లోంచే పంపేసింది. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ పోయింది, ఒట్టు తీరింది.

నువ్వు నమిలిన ఖర్జూరం ఎంత? శనగబద్దంత. నా ముద్దులు ఎన్నో నాకే లెక్క లేదు. డాక్టరమ్మని అడిగాను, ఎవరి వల్ల అని తేలుతుందా అని. ఇరవై రెండేళ్ళ తర్వాత ఎవరూ తేల్చలేరంది. అసలు అదే జబ్బో కాదో కూడా చెప్పలేమంది. కానీ నాకు తెలుసు. నేను చేశాను. మేకతోలుతో కాదు, మూతితో. దోషి మారలేదు, ఆయుధం మారింది, అంతే. నువ్వు ఇన్నాళ్ళూ తిట్టినవాణ్ణే తిట్టు. నాకు అలవాటే. తిట్టకపోతేనే తోచదు.

అన్నం తిను. పాపకి ఏం పేరు పెట్టారు?

తీజానీ


స్ఫాక్స్,
నవంబరు 25

తమ్ముడూ,

పాప పేరు మారియా. పాలు బాగా తాగుతోంది. నెల నిండేదాకా కళ్ళల్లో వత్తులేసుకుని చూడమంది నర్సు, చూస్తున్నాం. మొన్న ఆదివారం నా పెదవి మీది పక్కు రాలింది. అయినా ఇంకా గుడ్డ కట్టుకునే కూర్చుంటున్నాను. వసీలా దాని కాళ్ళు తెచ్చి నా చేతుల్లో పెడుతుంది. అరికాళ్ళు నిమురుతాను.

బషీర్ పుట్టిన మూడో రోజున నిన్ను ఈడ్చుకురావడానికి మీ బావ నెఫ్తా వెళ్ళాడు. నువ్వు ఇటుకల బట్టీలో దొరికావు. రానని ఏడ్చావు. ఆ రోజంతా ఆయన నీ పక్కనే కూర్చుని, నీకు అన్నం పెట్టించి, చీకటి పడ్డాక ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ సంగతి అప్పుడే నాకు చెప్పాడు.

నీ ఉత్తరం రోజూ చదువుతున్నాను. మడతల దగ్గర చిరుగుతోంది. పెరటి తలుపు తట్టిన సంగతి ఇంకోసారి రాయి. ఈసారి పెద్ద అక్షరాలతో రాయి.

సాల్హా